బొమ్మ నాది, జెండా వాళ్ళది

నేను ప్రొజెక్టర్ని. 35 మిల్లీమీటర్ల ఫిల్ము ఆడించే పాతకాలపు యంత్రాన్ని. మా ఓనరు నన్ను ‘మిషను’ అనేవాడు, ఆపరేటరేమో ‘మా ముసల్ది’ అనేవాడు. కంపెనీ పేరున్న రేకు ఏనాడో ఊడిపోయింది కాబట్టి పుట్టినింటి గొప్పలు చెప్పుకోలేను. నా బతుకంతా గుత్తి, తాడిపత్రి, గుంతకల్లు మధ్యనే తెల్లారింది. మొదట టూరింగు టాకీసు డేరాలో ఉన్నాను, తర్వాత గుంతకల్లులో పక్కా హాలుకు మారాను. ఒకరు తీసిన బొమ్మకు వెలుతురు పట్టడమే నా ఉద్యోగం. అయితే ఒకే కుటుంబం తెలుగులోనూ హిందీలోనూ తీసిన బొమ్మలు ఏళ్ళ తరబడి నా గేటు గుండా నడిచాయి. ఆ ఇంటి మంచిచెడ్డలు చెప్పే అర్హత నాకుందనే నమ్మకంతో నోరు విప్పుతున్నాను.

నా కడుపులో రెండు కార్బన్ కడ్డీలుండేవి. ఆపరేటరు వాటి మొనలు తాకించి చటుక్కున వెనక్కి లాగితే మధ్యలో తేరిపార చూడలేనంత తెల్లటి మంట లేచేది. కడ్డీలు కాలి కురచబడేకొద్దీ వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి. కాస్త ఏమరితే తెర మసకబారేది, నేల టిక్కెట్టు నుంచి ఈలలు మొదలయ్యేవి. ఆ మంట ముందు ఫిల్ము జారుతూ పోతుందనుకుంటారు గానీ, నిజానికి సెకనుకు 24 సార్లు ఆగి ఆగి నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. డేరాలో నేనొక్కదాన్నే మిషన్ని. రీలు మారినప్పుడల్లా దీపాలు వెలిగేవి, వేయించిన శెనక్కాయలమ్మే పిల్లలు జనం మధ్యకి దూరేవాళ్ళు. ఫిల్ము తెగితే బ్లేడుతో గీకి, సిమెంటు పూసి, వేళ్ళ మధ్య నొక్కి అతికించేవాళ్ళు. అతికిన ప్రతిచోటా నాలుగు బొమ్మలు పోయేవి. మా ఊళ్ళకు ప్రింటు చేరేసరికి హీరో వాక్యం మధ్యలో ఎగిరి దూకడం మామూలే.

సినిమా వ్యాపారంలో మా జిల్లాలను ఇప్పటికీ ‘సీడెడ్’ అంటారు. 1800లో నిజాము ఈ నేలను కుంపిణీకి వదులుకున్నప్పటి పేరది. రాజ్యాలు పోయినా వసూళ్ళ పట్టీల్లో ఆ పేరు మిగిలింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మాకు మంచి ఏడాది కిందే లెక్క. శెనక్కాయలు పెరికి, అమ్మి, అప్పులవాడికి కట్టగా చేతిలో నాలుగు రూపాయలు ఆడితేనే మా డేరా నిండేది. వాన మొహం చాటేస్తే బుకింగు కిటికీ దగ్గర ఈగలు తోలుకోవాల్సిందే. అరిగిపోయిన ప్రింటు మీద నిలువు గీతలు పడితే ‘బొమ్మలో వాన పడుతోంది’ అనడం మా వాళ్ళ అలవాటు. ఎన్నో కరువు సంవత్సరాల్లో గుంతకల్లు జనం చూసిన వాన అదొక్కటే.

ఇక అసలు కథ. పులివెందుల ప్రాంతం నుంచి మద్రాసు చేరిన బొమ్మిరెడ్డి సోదరుల్లో పెద్దవాడు బి.ఎన్.రెడ్డి, తమ్ముడు నాగిరెడ్డి. ఎర్రగడ్డలు ఓడలకెక్కించి బర్మాకు పంపి వ్యాపారం చేసిన ఇల్లు వాళ్ళది. అన్నకు సినిమా పిచ్చి పట్టింది. వాహిని పిక్చర్స్ పుట్టింది, 1939లో ‘వందేమాతరం’ వచ్చింది. ఆ వాహిని వెనక నిలబడ్డ డబ్బు మా ప్రాంతానిది. తాడిపత్రి ధనవంతుడు మూలా నారాయణస్వామి ఆ సంస్థలో భాగస్వామి. ఆయన స్నేహితుడు కదిరి వెంకటరెడ్డిదీ తాడిపత్రి పక్కనే. లోకానికి కె.వి.రెడ్డిగా తెలుసు. మొదట్లో ఆయన చేసింది డబ్బు లెక్కలు చూసే పని. అదే మనిషి ‘భక్త పోతన’తో దర్శకుడై, ‘యోగి వేమన’, ‘గుణసుందరి కథ’ తీశాడు. 1948 నాటికి మద్రాసు వడపళనిలో వాహిని స్టూడియో లేచింది. రాళ్ళూ రేగుచెట్లూ తప్ప ఏమీ లేవని పేరుపడ్డ నేల నుంచి వెళ్ళిన డబ్బు ఒక స్టూడియోకు పునాది వేసింది. ఈ సంగతి మా జిల్లాలోనే చాలామందికి తెలియదు.

మూలా నారాయణస్వామి ఆ స్టూడియో వైభవం చూడకుండానే 1950లో, నలభై నిండకుండానే, కన్నుమూశాడు. స్టూడియో బరువు నాగిరెడ్డి భుజాన పడింది. ఆయన అప్పటికే అచ్చాఫీసు నడిపి, 1947లో ‘చందమామ’ మొదలుపెట్టిన మనిషి. తెనాలి నుంచి వచ్చిన రచయిత చక్రపాణితో కలిసి విజయా సంస్థ పెట్టి, 1950లో ‘షావుకారు’ తీశాడు. తర్వాత విజయా, వాహిని కలిసిపోయి ఆసియాలోనే పెద్ద స్టూడియో అనిపించుకున్నాయి. తెర మీద విజయావారి జెండా ఎగరగానే డేరాలో పసిపిల్లల ఏడుపు కూడా ఆగేది.

1951లో ‘పాతాళభైరవి’ పెట్టె మా దగ్గరికొచ్చినప్పుడు బండ్లు కట్టుకుని వచ్చారు జనం. ఒక ఆట అయిపోయినా లేవకుండా రెండో ఆటకు అక్కడే కూర్చున్నవాళ్ళున్నారు. ఆ మరుసటేడు బొంబాయిలో జరిగిన మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవానికి అది వెళ్ళింది. జెమినీ స్టూడియో వాసన్ చేతుల మీదుగా హిందీలోనూ విడుదలైంది. మా సీమలో అదే కాలంలో గంజి కేంద్రాలు నడుస్తున్నాయి. ఆ సినిమా హీరో రామారావు రాయలసీమ కరువు కోసం జోలె పట్టి ఊరూరా తిరిగాడు. తెర మీద హీరో తోటరాముడు సంపద వెతుక్కుంటూ పోతుంటే, చూస్తున్న జనం మర్నాటి గంజికి లైను కట్టాలి. ఆ రెండూ పక్కపక్కనే జరిగాయి. నేను సాక్షిని.

ఆ ఇంటి గొప్పతనం హంగుల్లో ఉందని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం పద్ధతిలో కనబడింది. నటులకు, రచయితలకు, సాంకేతికులకు నెల జీతాలిచ్చి, సినిమాను ఒక ఆఫీసు నడిపినట్టు నడిపారు. రామారావు కూడా మొదట్లో ఆ జీతాల పట్టీలో ఉన్నవాడే. కె.వి.రెడ్డి అయితే స్క్రిప్టు ఖాయం కాందే కెమెరా ముట్టనిచ్చేవాడు కాదు. సన్నివేశం ఎన్ని నిమిషాలు నడుస్తుందో స్టాప్‌వాచీ పెట్టి ముందే లెక్క తీసేవాడు. డబ్బు లెక్కలతో మొదలైన మనిషి ఫిల్ము అడుగులు వృథా పోనిస్తాడా? ఆ పొదుపు ఎంత విలువైనదో నాలాంటి యంత్రానికి తెలుసు. అనవసరమైన రీలు ఒక్కటి ఎక్కువున్నా కార్బన్ కాలేది మాకే. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో తీసేద్దామంటే ఒక్క అడుగు దొరకదు.

హిందీ సంగతికొస్తాను. నాగిరెడ్డి లెక్క చాలా సూటిగా ఉండేది: ఒక భాషలో నిలబడ్డ కథ ఇంకో భాషలోనూ నిలబడుతుంది. 1964లో రామానాయుడు సురేష్ ప్రొడక్షన్స్ మీద తీసిన ‘రాముడు భీముడు’ హక్కులు కొన్నాడు. 1965లో ఎం.జి.ఆర్‌తో తమిళంలో, 1967లో దిలీప్‌కుమార్‌తో హిందీలో తీశాడు. మూడింటికీ దర్శకుడు మన తాపీ చాణక్యే. హిందీలో దాని పేరు ‘రామ్ ఔర్ శ్యామ్’. సంగీతం నౌషాద్, విలన్ ప్రాణ్. దిలీప్‌కుమార్‌కు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటుడి బహుమతి తెచ్చిందది. కవలల కథను ఆడపిల్లలకు మార్చి బొంబాయిలో సిప్పీ కుటుంబం ‘సీతా ఔర్ గీతా’ తీసింది 1972లో. తెలుగు కథ హిందీవాళ్ళ ఇంటి కథగా మారింది.

గుంతకల్లులో హిందీ బొమ్మలకు కొదవలేదు. రైల్వే జంక్షను కాబట్టి దేశం నలుమూలల మనుషులూ ఉండేవాళ్ళు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలూ ఎక్కువే. ‘రామ్ ఔర్ శ్యామ్’ ఆడుతున్నప్పుడు టీ బంకు సాయిబు రోజూ బెంచీ టిక్కెట్టు కొనేవాడు. మా ఆపరేటరు ఉండబట్టలేక అడిగాడు: “మామా, ఈ కథ తెలుగులో చూసిందే గదా. మల్లా మల్లా యాలొస్తావు?” సాయిబు నవ్వి, “తెల్సులేప్పా. ఆ బావగానికి కొరడా దెబ్బలు మా మాటలో పడితే ఎట్లుంటాదో చూస్తాండా” అన్నాడు. ఆయన చుట్టూ హిందీ రాని రైతులు నలుగురు చేరేవాళ్ళు. ఆయన మాట మాటకూ తెలుగు చెప్పేవాడు. వాళ్ళు మాత్రం రామారావు ఇంకా గట్టిగా కొట్టాడని తీర్పు చెప్పి లేచిపోయేవాళ్ళు.

1975లో ‘జూలీ’ వచ్చింది. మలయాళం ‘చట్టకారి’కి హిందీ రూపం. రెండింటికీ సేతుమాధవనే దర్శకుడు, నాయిక లక్ష్మే. లక్ష్మికి, సంగీతం చేసిన రాజేశ్ రోషన్‌కు, తల్లి వేషం వేసిన నాదిరాకు ఫిల్మ్‌ఫేర్ బహుమతులు దక్కాయి. కథలో జూలీ తండ్రి ఆంగ్లో ఇండియన్, రైలింజను డ్రైవరు. మా ఊళ్ళో అట్లాంటి డ్రైవర్లు నిజంగా ఉన్నారు. రైల్వే క్వార్టర్ల నుంచి గౌన్లు తొడుక్కున్న ముసలమ్మలు, డ్యూటీ దిగి బొగ్గు మసి కడుక్కున్న ముసలాళ్ళు వచ్చి బాల్కనీలో కూర్చున్నారు. తెర మీద తమ ఇల్లు, తమ బల్ల, తమ గొడవ కనిపిస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియక ఊరుకున్నారు. వడపళనిలో తెలుగు నిర్మాత హిందీలో తీసిన బొమ్మ గుంతకల్లు రైల్వే కాలనీకి అద్దం పట్టింది. ఒక నిర్మాణ సంస్థకు ఇంతకన్నా పెద్ద బహుమతి ఏముంటుంది?

తర్వాత కూడా ఆ ఇంటి నుంచి ఫిల్ము పెట్టెలొచ్చాయి. తెలుగు ‘స్వర్గం నరకం’ దర్శకుడు దాసరి చేతుల్లోనే 1978లో ‘స్వర్గ్ నరక్’ అయింది. 1982లో సంజీవ్‌కుమార్‌తో ‘శ్రీమాన్ శ్రీమతి’ వచ్చింది. అన్నీ ఒకేలా ఆడలేదు. కొన్ని ఆదివారం పొద్దుటి ఆటలకే పరిమితమయ్యాయి. అన్న బి.ఎన్.రెడ్డికి 1974కు గాను దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు, తమ్ముడు నాగిరెడ్డికి 1986కు గాను అదే అవార్డు వచ్చాయి. మధ్యలో 1982కు గాను అందుకున్న ఎల్.వి.ప్రసాద్ కూడా మద్రాసులో కూర్చుని హిందీ సినిమాలు తీసిన తెలుగువాడే. ‘షావుకారు’ దర్శకుడూ ఆయనే.

ఇంతకీ ఆ స్టూడియో ఏమైంది? నాగిరెడ్డి బతికుండగానే ఆవరణలో విజయా ఆసుపత్రి వెలిసింది. ఫ్లోర్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2013లో ఆ నేల మీద షాపింగ్ మాల్ తెరిచారు. దీన్ని ఒక్క మద్రాసు విషాదంగా చూడకండి. వాహిని లేచిన 1948లోనే బొంబాయిలో రాజ్‌కపూర్ ఆర్.కె. సంస్థ మొదలైంది. చెంబూరులోని ఆ స్టూడియో 2017లో అగ్నికి ఆహుతైంది, 2019లో ఇళ్ళు కట్టే కంపెనీకి అమ్ముడుపోయింది. ఊరు పెరిగి స్థలం ధర సినిమా రాబడిని మించిపోతే ఏ వారసుడైనా ఎంతకాలం కాపలా కాస్తాడు? వాళ్ళను తప్పుబట్టే హక్కు నాకు లేదు. నన్ను కూడా నిలబెట్టుకోలేకపోయారు మా ఓనర్లు. హాళ్ళకు డిజిటల్ బొమ్మ వచ్చాక నా చోటు గోడౌను మూల.

ఆస్తి పోయినంత మాత్రాన ఇల్లు ఆరిపోలేదు. నాగిరెడ్డి కొడుకు వెంకటరామిరెడ్డి 1994లో ‘భైరవద్వీపం’ తీశాడు. దర్శకుడిగా ఎంచుకున్నది ‘మాయాబజార్’కు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావును. నేను దాన్ని ఆడించాను. సీను ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన చేయి అది. పాత స్టాప్‌వాచీ చప్పుడు నాకు వినబడింది. తర్వాత విజయా జెండా తమిళంలో ‘వీరం’ లాంటి సినిమాల మీద కూడా ఎగిరింది. 2010లో ‘మాయాబజార్’ రంగులద్దుకుని మళ్ళీ హాళ్ళకొస్తే, దాన్ని మొదట నలుపు తెలుపుల్లో చూసినవాళ్ళు మనవళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు.

అన్నీ చూశాక నా తీర్పు ఇది. కుటుంబ సంస్థలో రక్తసంబంధం ఆస్తిని ఒక తరమో రెండు తరాలో కాపాడుతుంది. పనితనాన్ని కాపాడేది మాత్రం నేర్పినవాడు, నేర్చుకున్నవాడు. బొమ్మిరెడ్డి వారి ఇల్లు నిలబడింది తాడిపత్రి స్నేహితుడి డబ్బు మీద, తెనాలి రచయిత కలం మీద, కె.వి.రెడ్డి లెక్క మీద. బయటివాళ్ళను ఇంటివాళ్ళుగా చూసుకున్నంత కాలం ఆ ఇల్లు పచ్చగా ఉంది.

చివరగా మా జిల్లా వాళ్ళకో మాట. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, చింతల వెంకటరమణస్వామి గుడి చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాళ్ళకు శిల్పాలు చూపించండి, మంచిదే. దాంతోపాటు ‘మాయాబజార్’ తీసిన మనిషి ఈ పక్క ఊరివాడేనని, దక్షిణాదిలో అంత పెద్ద స్టూడియోకు తొలి పెట్టుబడి ఈ వీధుల నుంచే వెళ్ళిందని కూడా చెప్పండి. బడిపిల్లలకైతే తప్పకుండా చెప్పండి.