పొగకు టికెట్టు

అమెరికాలో టెనెసీ రాష్ట్రం, మెంఫిస్ నగరంలో ఏటా మే నెలలో ప్రపంచ బార్బెక్యూ వంటల పోటీ జరుగుతుంది. 1978లో మొదలైంది. చాలా ఏళ్ల పాటు మిసిసిపీ నది ఒడ్డున టామ్ లీ పార్కులో జరిగేది. రెండు వందల పైచిలుకు జట్లు వరసగా పొయ్యిలు పెట్టుకుని, రాత్రంతా మేలుకుని పంది మాంసాన్ని పొగ మీద మగ్గబెట్టేవి. జనం టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్తారు. ఎటు చూసినా మాంసమే. అందులో ఒక్క ముక్క కూడా వాళ్ల చేతిలో పెట్టరు. పెట్టకూడదు కూడా. పోటీకి వచ్చిన జట్లు బయటి జనానికి వడ్డించడానికి ఆరోగ్య శాఖ నిబంధనలు ఒప్పుకోవు. ఈ సంగతి కొంతమందికి గేటు దాటాకే తెలుస్తుంది. అప్పుడు వాళ్ల ముఖాలు ముహూర్తం దాటిపోయిందన్న కబురు విన్న ముఖాల్లా అయిపోతాయి. పొయ్యి వెలిగించి విస్తరి వేయకపోవడం మన దృష్టిలో పాపంతో సమానం కాబట్టి, తెలుగువాళ్లెవరైనా దీన్ని మోసమనే అంటారు. నేను మాత్రం దీన్ని ప్రపంచంలోకెల్లా నిజాయితీగల తిండి పండగ అంటాను. ఎవరికీ పెట్టకపోవడం వల్లే అక్కడ వంట అంత గొప్పగా సాగుతోందని నా వాదన.

ముందు టికెట్టు దేనికో తేల్చుకుందాం. మన పాత కథలో ఒక పేదవాడు పూటకూళ్ల ఇంటి ముందు కూర్చుని, లోపలి కూరల వాసన పీలుస్తూ వట్టి అన్నం తింటాడు. వాసనకు డబ్బు కట్టమని యజమాని పంచాయితీ పెడతాడు. న్యాయాధికారి నాణేలు గలగలలాడించి, వాసనకు ఈ చప్పుడుతో చెల్లు అంటాడు. ఆ తీర్పు మెంఫిస్ దాకా చేరినట్టు లేదు, అక్కడ నాణేలే పుచ్చుకుంటున్నారు. అయితే ఆ యజమానికి లేని హక్కు వీళ్లకు ఉంది. అతని వాసన కూరతో పాటు ఊరికే పుట్టింది, వీళ్ల పొగ వెనక మాత్రం ఒళ్లు విరిచే చాకిరీ ఉంది. గ్యాసు పనికిరాదు, కరెంటు పనికిరాదు, కట్టెలూ బొగ్గులూ మాత్రమే వాడాలి. పంది భుజం మాంసం గట్టిది. అందులోని కొల్లాజెన్ కరిగి జిగురుగా మారాలంటే 110 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ వేడిలో పది పన్నెండు గంటలైనా మగ్గాలి. మధ్యలో, మాంసం లోపలి వేడి 70 డిగ్రీల దగ్గరికి రాగానే పెరగడం మానేసి గంటల తరబడి అక్కడే కూర్చుంటుంది. పైన తడి ఆవిరవుతూ, పొయ్యి ఇచ్చే వేడినంతా తినేయడమే కారణం. అనుభవం లేనివాడు ఈ దశలో థర్మామీటరు పాడైందనుకుంటాడు, తర్వాత పొయ్యిని తిడతాడు, ఆ తర్వాత తోడబుట్టినవాణ్ణి తిడతాడు. అనుభవం ఉన్నవాడు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. చూడటానికి జనం వచ్చేది ఈ కూర్చోవడాన్నే.

ఇప్పుడు ఆ వంటవాడికి, ఇదిగో నీ ముందు వెయ్యి మంది ఆకలితో నిలబడ్డారు, పెట్టు అని చెప్పండి. క్యూ పెరుగుతుంది. వెనకవాడు గొణుగుతాడు. వంటవాడు మంట పెంచుతాడు. మాంసం పైన మాడి, లోపల తోలులా సాగుతుంది, ఆ సాగుడును కప్పడానికి తియ్యటి సాసు పోస్తాడు. మన ఊళ్లలో ఫుడ్ ఫెస్టివల్ అని బోర్డు పెట్టిన మైదానాల్లో జరుగుతున్నది ఇదే. సాయంత్రం ఏడింటికి చేసిన కబాబు తొమ్మిదింటికి మూడోసారి వేడెక్కి మన ప్లేటులోకి వస్తుంది. మెంఫిస్ వంటవాడికి ఈ బెడద లేదు. అతను మెప్పించాల్సింది కొద్దిమంది న్యాయనిర్ణేతలనే. అక్కడ పోటీలో మూడు ప్రధాన విభాగాలు: పూర్తి పంది, భుజం, పక్కటెముకలు. న్యాయనిర్ణేతలు కొందరు నేరుగా గుడారానికే వస్తారు. వాళ్లకు మొదటి సంక్రాంతికి అత్తగారింటికొచ్చిన అల్లుడి మర్యాద జరుగుతుంది. తెల్లగుడ్డ పరిచిన బల్ల, పూలు, పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి ఏ కట్టె వాడారో, మసాలా ఎప్పుడు పట్టించారో వినయంగా విన్నవించడం, ఆఖరికి మాంసం చేత్తో తుంచి పెట్టడం. రాత్రంతా పడిన శ్రమ ఈ కొద్ది నిమిషాల కోసమే. గిట్టుబాటు లెక్కలో ఇది శుద్ధ పిచ్చి. ఆ పిచ్చి కల్తీ లేకుండా దొరికేది, అమ్మకం లేని చోటే.

మరి న్యాయనిర్ణేతలు తింటున్నారుగా, వాళ్లదే అదృష్టం కదా అని ఒక అభ్యంతరం. అది బయటినుంచి చూసినవాళ్ల అసూయ. ఇలాంటి పోటీలకు నియమావళి రాసే మరో పెద్ద సంస్థ కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీ. దాని పోటీల్లో బల్లకు ఆరుగురు. తినే ముందు చెయ్యెత్తి ప్రమాణం చేస్తారు, అందులో సత్యమూ న్యాయమూ కూడా ఉంటాయి. కోడి, పక్కటెముకలు, పంది, గొడ్డు మాంసం, ఒక్కోటి ఆరేసి జట్లవి రుచి చూడాలి. నవ్వకూడదు, మాట్లాడకూడదు, మధ్యలో నోరు కడుక్కోవడానికి నీళ్లు, ఉప్పు బిస్కెట్లు. తిన్న తర్వాత 2 నుంచి 9 దాకా మార్కులు. మాంసం కింద పచ్చని ఆకు పరవచ్చు గానీ, అంచు ఎర్రగా ఉన్న లెట్యూస్ కనిపించిందంటే నిబంధన ప్రకారం చూపుకు ఒకే ఒక్క మార్కు. రాత్రంతా కాచిన మాంసాన్ని ఆకు అంచు రంగు ముంచేస్తుంది. దీన్ని భోజనమంటారా, డిపార్టుమెంటు పరీక్ష అంటారా? ఆకలితో వెళ్లినవాడు కూడా మొదటి డజను దాటేసరికి విధి నిర్వహణలో పడతాడు.

ఇంకో అభ్యంతరం కాస్త బలమైంది. జట్లు అందరినీ పస్తు పెట్టవు, తమవాళ్లకు బ్రహ్మాండంగా పెడతాయి. పెద్ద జట్లు రెండంతస్తుల మంచెలు కట్టుకుని, పాటలు పెట్టుకుని, పిలిచినవాళ్లకు మణికట్టుకు పట్టీ కట్టి పైకి పంపుతాయి. కింద నడిచేవాడు తల పైకెత్తి చూస్తాడు. ఇది నిజమే, నేను కాదనను. కానీ ఇందులో మనకు తెలియని అన్యాయం ఏముంది? బ్రహ్మోత్సవాల దర్శనం నుంచి సినిమా ఫంక్షన్ పాసుల దాకా, లోపల తెలిసినవాళ్లుంటే ఒక దారి, లేకపోతే ఒక దారి అన్నది పుట్టుకతో వచ్చిన విద్య. మెంఫిస్‌లో స్థిరపడిన మనవాళ్లు ఈ పట్టీ సంపాదించడంలో ఎవరికీ తీసిపోరని నా నమ్మకం. దానికి ఆధారం లేదు, జాతిమీద గౌరవమే. ఎవరూ తెలియని వాళ్ల కోసం మైదానంలో మామూలు దుకాణాలూ ఉంటాయి. డబ్బిస్తే శాండ్‌విచ్ ఇస్తారు. అది తింటూ పోటీ పొయ్యి వైపు చూడటంలోనే తేడా ఎంతుందో బోధపడుతుంది.

పోటీ చాలా ఏళ్లు జరిగిన ఆ నది ఒడ్డు పార్కుకు పేరిచ్చిన టామ్ లీ 1925లో మునిగిపోతున్న ఓడ నుంచి 32 మందిని తన చిన్న పడవలో ఒడ్డుకు చేర్చిన నల్లజాతి కార్మికుడు. ఆయనకు ఈత రాదు. అలాంటివాడి పేరున్న గడ్డ మీద ముక్క దొరకలేదని అలిగేవాళ్లను చూస్తే నాకు జాలి. పార్కును తిరగదిద్దాక పాత పోటీ మరో మైదానానికి మారింది, 2024లో అదే పార్కులో వేరేవాళ్లు కొత్త పోటీ పెట్టారు. దాంతో ఒకే ఊళ్లో, ఒకే వారాంతంలో రెండు పొగలు. మన ఊళ్లో ఇద్దరు నాయకులు రెండు వినాయక మండపాలు పెట్టినట్టే అనుకుంటే, ప్రసాదమైనా రెండింతలు దొరుకుతుంది కదా అనిపిస్తుంది. దొరకదు.

శాకాహారుల సంగతేమిటని అడిగేవాళ్లకు నా దగ్గర గట్టి జవాబుంది. మాంసం పండగల్లో శాకాహారికి సంపూర్ణ సమానత్వం దొరికేది ఇక్కడే. పక్కవాడికీ ఏమీ దొరకదు, తనకూ ఏమీ దొరకదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. పొయ్యికి దగ్గరగా నిలబడితే పొగ మనవైపే వస్తుంది, చోటు మారితే వెంటాడుతుంది. మన ఒళ్లు గాలికి అడ్డం కావడంతో అటువైపు గాలి తగ్గి, పొగ ఆ ఖాళీలోకి లాగబడుతుందని శాస్త్రం. ఆ హికరీ కట్టెల పొగ చొక్కాలో దూరిందంటే రెండు ఉతుకులకు గానీ వదలదు. ఏమీ తినలేదని ఇంట్లో ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు.