ఋణధీరుడు

అలంకారశాస్త్రజ్ఞులు నాయకులను ధీరోదాత్తుడనియు, ధీరోద్ధతుడనియు, ధీరలలితుడనియు, ధీరశాంతుడనియు నాలుగు తెగలుగా విభజించి, అంతటితో లోకమునందలి నాయకజాతి సమాప్తమైనట్లు గ్రంథమునకు తాడు చుట్టివేసిరి. వారి కాలమున నెలవాయిదాలు లేకపోవుటచేత ఐదవవాడు వారి కంటబడలేదు గాబోలు. ధీరశాంతునకు దృష్టాంతముగా వారు చూపెడి చారుదత్తుని సంగతియే చూడుడు. ఆయన ఐశ్వర్యము హరించిపోయెనని ఉజ్జయినిలో పిల్లలకు సహితము తెలియును. ఇల్లు పాడువడినది, చుట్టములు రాకపోకలు మానిరి, కొడుకునకు ఆడుకొనుటకు మట్టిబండి తప్ప మరియొకటి లేదు. మా ఋణధీరుడే ఆ స్థానమున ఉన్నచో ఊరికి ఆ వార్త పొక్కనిచ్చునా? మట్టిబండికి బదులు బంగారుబండి వాయిదాలమీద దిగియుండును. మృచ్ఛకటికమను నాటకమే పుట్టకపోవును.

తలమీద అరువది లక్షల అప్పు పెట్టుకొని, ఆ తలకే నెలకు రెండుమారులు రంగు వేయించుకొని, బెంజి సర్కిలుకడ ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు చల్లని కారులో వెనుకకు జారగిలబడి, ప్రక్క ఆటోలో ఇఱుకుకొని కూర్చున్న జనముమీద దయార్ద్రదృష్టి ప్రసరింపజేయగలవాడు ధీరుడు గాక మరెవ్వడు? విజయవాడలో పటమటనుండి భవానీపురమువరకు ఏ వీధికి పోయినను ఇట్టివాడొకడు కనబడును. కనబడుటయే ఆయన వృత్తి గనుక వెదకవలసిన పని లేదు.

ఆ కారు సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది. అది నల్లనిది, ఎత్తైనది, మా వీధిమలుపు తిరుగుటకు మూడుమారులు ముందునకు వెనుకకు పోవలసినంత పొడవైనది. దానికొరకు ఆయన బ్యాంకునుండి 20 లక్షలు, నూటికి 9 వంతున, ఏడేండ్ల గడువుమీద తెచ్చెను. నెలకు 32 వేల చిల్లర చొప్పున 84 నెలలు కట్టి ముగించునప్పటికి చెల్లించిన సొమ్ము 27 లక్షలు దాటును. కారు వెల మాత్రము ఆనాటికి కొన్నదానిలో సగముకూడ పలుకదు. ఈ గణితము ఆయనకు తెలియదనుకొనరాదు; ఆయన బి.కాం. పట్టభద్రుడు. కాని కారు ఎక్కుటకంటె దిగుటయందే ఆయనకు ఆసక్తి మెండు. కల్యాణమండపము ముంగిట బంధుజనము గుమిగూడియుండగా తలుపు తెఱచి, ఒక పాదము నేల మోపి, రెండవ పాదము మోపకముందే చెవిదగ్గఱ ఫోను పెట్టి, "కోటిన్నరకి పైసా తగ్గినా వద్దని చెప్పు" అని ఎవ్వరికో ఆజ్ఞాపించి, అప్పుడు పూర్తిగా దిగును. అవతల ఎవ్వరైన ఉన్నారో లేదో మనము విచారింపగూడదు. పెట్రోలు బంకులో మాత్రము ఈ వాగ్ధాటి అణగిపోయి, ఆయన కిటికీలోనుండి చేయి చాచి ఐదు వ్రేళ్ళు చూపును. అవి ఐదువేలో ఐదువందలో ఆ బంకు కుఱ్ఱవానికి అలవాటుచేత తెలియును.

అప్పు చేసియైనను నేయి త్రాగుమని చార్వాకులు బోధించిరని లోకమున ఒక వాడుక కలదు. ఋణధీరుని చార్వాకమతస్థుడని నిందించువారు ఆయనకును అన్యాయము చేయుచున్నారు, చార్వాకులకును అన్యాయము చేయుచున్నారు. చార్వాకుడు తెచ్చిన అప్పునకు నేయియైన గొంతు దిగినది. ఈయన నేయి త్రాగడు. త్రాగుచున్నట్లు నలుగురికి తోచుటకు అప్పు చేయును. ఇంటిలో ఆయన భోజనము పచ్చడి, మజ్జిగ. స్టారు హోటలులో పదిమందికి విందు చేయునాడు సైతము తన విస్తరియందు ఏమి వడ్డించిరో చూచుకొనక, ఎదుటివారు తన్ను చూచుచున్నారో లేదో చూచుకొనుచుండును. సుఖమునకొరకు చెడినవారిని నేను కొందఱిని ఎఱుగుదును; వారియందు నాకు కొంత అసూయయు కలదు. సుఖపడకుండ చెడుట మాత్రము సామాన్యులకు అలవడు విద్య కాదు.

ఆయన ధర్మపత్ని ఈ మహావ్రతమున సహచారిణి. పెండ్లినాడు పుట్టింటివారు పెట్టిన నలువది కాసుల బంగారము గవర్నరుపేటలో బంగారముపై అప్పులిచ్చు ఒక కార్యాలయపు ఇనుపపెట్టెలో, విలువలో నూటికి 75 వంతుల సొమ్మును ఈయన చేతిలో పెట్టి, విశ్రాంతి తీసికొనుచున్నది. ఆ తల్లి పెండ్లిండ్లకు పేరంటములకు ధరించు హారములు మచిలీపట్నము ప్రక్కనున్న చిలకలపూడివి; ఆ గ్రామపు పనివారి హస్తకౌశలమునకు నమస్కరింపవలెను, గీటురాయి తప్ప వేరెవ్వరును వారి నగను తప్పుపట్టలేరు. మొన్నటి పెండ్లిలో ఒక ముత్తైదువ ఆమె హారమును వ్రేళ్ళతో ఎత్తి తూచినట్లు చూచి, "ఎన్ని కాసులు పట్టిందమ్మా?" అని అడిగినదట. ఈమె తడుముకొనక, "మీ అంత కాదులెండి వదినగారూ" అని బదులిచ్చినది. ఆ ముత్తైదువ తన హారమును పైటక్రిందికి సర్దుకొనెను. ఆ పందిటిలో తళతళలాడినదానిలో చిలకలపూడి భాగమెంతయో గవర్నరుపేటకే తెలియును.

పంచాంగమునకు తిథి వార నక్షత్ర యోగ కరణములు ఐదంగములైనట్లు ఆయన మాసమునకును ఐదంగములు కలవు: 5వ తేదీ ఇంటివాయిదా, 7న కారు, 10న చీటి, 18న మొదటి కార్డు, 25న రెండవ కార్డు. 1959లో విజయావారు "అప్పుచేసి పప్పుకూడు" అను చిత్రము తీసిననాటి ప్రేక్షకునకు అప్పులవాడనగా వాకిట నిలిచి కేకలు వేయువాడు; అతడు వచ్చినప్పుడు పెరటిదారిని పోవచ్చును, ఊరిలో లేడని పిల్లవానిచే చెప్పించవచ్చును. ఈనాటి అప్పులవానికి మొగము లేదు, గొంతు లేదు, పెరడు లేదు. తెల్లవారునప్పటికి ఖాతాలోనుండి నిశ్శబ్దముగా సొమ్ము తీసికొనిపోవును, లేనిచో జరిమానా వ్రాసికొని పోవును. అందుచేత ఋణధీరుడు 4వ తేదీ రాత్రి మొదటి కార్డు గీచి ఇంటివాయిదాకు సర్దును, దానికొరకు చీటి పాడును, చీటికొరకు రెండవ కార్డు గీచును. వీధిలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అడిగినవానిని జలగ యని తిట్టును. నూటికి మూడున్నర లాగు కార్డును మాత్రము మెత్తని తోలు పర్సులో, దేవుని పటము ప్రక్కనే పెట్టుకొనును. ఆ రేటున లక్షరూపాయల బాకీ కదలక సంవత్సరముండినచో లక్షన్నర దాటును. "మినిమమ్ కట్టేస్తున్నాంగా" అనుట ఆయన సమాధానము.

చీటిపాటలో ఆయన ఔదార్యము చూచితీరవలెను. 5 లక్షల చీటిని రెండవనెలలోనే 3 లక్షలకు పాడుకొని లేచిపోవును. వదలుకొన్న 2 లక్షలలో నిర్వాహకుని కమీషను పోగా మిగిలినది సభ్యులందఱికి డివిడెండుగా పంచబడును. తక్కినవారందఱు ఆయనవంక కృతజ్ఞతతో చూతురు. ఆ చూపును ఆయన గౌరవముగా స్వీకరించును.

కారు అమ్మివేసి, చిన్న ఇంటికి మారి, రెండేండ్లు నోరు కట్టుకొన్నచో బయటపడవచ్చును గదా యని మీరు అనవచ్చును. నేనును అట్లే అనుకొనుచుంటిని. ఆయన లెక్క తెలిసినతరువాత ఆ మాట విడిచిపెట్టితిని. కారు అమ్మిన సాయంత్రమే చీటినిర్వాహకుడు జామీను ఇంకొకరిని తెమ్మనును. చేబదులు ఇచ్చిన మిత్రులు ఒక్కొక్కరుగా "కొంచెం అవసరం పడిందిరా" యని ఫోను చేయుదురు. బావమఱది పూచీకత్తు వెనుకకు తీసికొనును. ఇల్లు, కారు బ్యాంకు తాకట్టు, నగలు గవర్నరుపేట తాకట్టు పోగా ఆయనకడ తాకట్టు పెట్టుటకు మిగిలిన ఆస్తి దర్జా యొక్కటియే. అదియు ఊరందఱికడ ఏకకాలమున కుదువబెట్టబడియున్నది. దానిని ఒక్కదినము విడిపించుకొన్నను మిగిలిన కట్టడమంతయు కూలును. కనుక లోకము దురభిమానమని నవ్వుచున్నది నిజమునకు ఆయన వ్యాపారపు పెట్టుబడి; మనము చూచి నమ్ముచున్నంతకాలము అది వడ్డీ తెచ్చుచునేయుండును.

ఆయన ఎదురింట ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు కలడు. జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలలో ఋణధీరునకు ఎక్కములు నేర్పినవాడాయనయే. ఇంటికి వెల్ల వేయించి ఏండ్లు గడచినవి. చొక్కా కాలరు తిరుగవేసి కుట్టించుకొనును. కూరలకు కాళేశ్వరరావు మార్కెట్టువరకు గుడ్డసంచితో బస్సులో పోవును. ఎవ్వరికిని తెలియని సంగతి యేమనగా, పదవీవిరమణనాడు వచ్చిన సొమ్ములో 30 లక్షలు తపాలాకార్యాలయపు వృద్ధుల పొదుపుపథకమున వేసి, నూటికి 8.2 వంతున మూడునెలల కొకమారు 61,500 రూపాయలు తీసికొనుచున్నాడు. ఏప్రిలు, జూలై, అక్టోబరు, జనవరి నెలల మొదటి పనిదినమున ఆయన నడకలో కొంత చుఱుకుదనము కనబడును. వీధివారు అది వాతము తగ్గుటచేత ననుకొందురు. మిగిలిన సొమ్మును ఒక్కొక్క బ్యాంకులో 5 లక్షలకు లోపుగా వేసియుంచెను. 2020 నుండి డిపాజిట్ల బీమా అంతవరకే గదా. పబ్లిక్ ప్రావిడెంటు ఫండు ఖాతా ఒకటి వేరుగా కలదు. దానిని కోర్టుడిక్రీ సహితము జప్తు చేయజాలదు. జప్తుభయము లేనివానికే ఆ రక్షణ దొరకుటయు, ఉన్నవానికి దొరకకుండుటయు లోకరీతి. రేపటినుండి రాబడి నిలిచిపోయినచో ఇల్లు ఎన్నాళ్ళు నడచునని అడిగినచో మేష్టారు వ్రేళ్ళు మడచి కొన్ని ఏండ్లు లెక్కించును. ఋణధీరుడు క్యాలెండరు చూచి 5వ తేదీ ఎన్నడని అడుగును.

మేష్టారిని ఋషిగా చిత్రించు ఉద్దేశము నాకు లేదు. అతిథి లేచి నిలుచుండగానే ఫ్యాను ఆపును, అతిథి ఇంకను వాకిలి దాటకున్నను సరే. అరకప్పు తేనీటిని పూర్ణమని నమ్మించుటలో దిట్ట. సాయంకాలము ప్రొద్దుపుచ్చుటకు నేను ఎదురింటి ఋణధీరునికడకే పోవుదును. అక్కడ కాఫీ చిక్కగానుండును, ఎవ్వరి ఖర్చు అని ఆలోచింపకున్నచో.

ఒకసారి మేష్టారు బ్యాంకువారి కార్డు కొరకు దరఖాస్తు చేసిరి, మనుమరాలికి రైలుటికెట్లు కొనుటకు సులువని ఎవ్వరో చెప్పగా. 300 నుండి 900 వరకు మార్కులు వేయు సిబిల్ వారి పట్టికలో ఆయనకు మార్కులే లేవట. జన్మలో అప్పు చేయనివానికి చరిత్రయే లేదని వారి తీర్పు. కార్డు రాలేదు. ఒక అప్పుతో మరియొక అప్పును గడువు తప్పక తీర్చుచుండు ఋణధీరునకు మాత్రము మంచి మార్కులు కలవు. "సార్, మీకు ప్రీ-అప్రూవ్డ్ లోన్ ఉంది" అను కోమలకంఠము దినమున కొకమారైన ఆయనను పలుకరించును. నలువది సంవత్సరములు మార్కులు వేసిన మేష్టారు ఈ మార్కులపద్ధతిని తలచుకొని చాలసేపు మౌనముగా నుండిరి.

ఇంతటి ధీరుడును ఒకనాటి రాత్రి, దీపములార్పి, కారును వీధిచివర నిలిపి, ఆ వెల్లలేని ఇంటికి నడచి వచ్చెను.

"మేష్టారూ, చిన్న సర్దుబాటండీ. ఫండ్స్ అన్నీ ప్రాజెక్టులో లాకైపోయాయి. రెండు లక్షలు చాలు, నెలలో ఇచ్చేస్తాను."

"నా దగ్గరెక్కడిది నాయనా!"

"అట్లా అనకండి. చీటీలో మీ డివిడెండు నేను చూస్తున్నానుగా."

మేష్టారు కొంతసేపు అతనివంక చూచి, లోపలికి పోయి, ప్రామిసరీనోటు కాగితమును, రెవెన్యూస్టాంపును, మూత బిగిసిపోయిన కలమును తెచ్చిరి. నూటికి రూపాయి వడ్డీ. సంతకము స్టాంపుమీదికి సగము, కాగితముమీదికి సగము వచ్చునట్లు రెండుమారులు చూచి చేయించుకొనిరి. ఆ నెల గడచినది. అటువంటి నెలలు చాల గడచినవి. ఈ మధ్య ఋణధీరుడు మేష్టారింటిమీదుగా పోవునపుడు కారు అద్దములు ఎత్తియుంచును.

ఇంతలో మేష్టారి మనుమరాలికి తెనాలినుండి ఒక సంబంధము వచ్చెను. పిల్లవాని తండ్రి ఆ గోడలు చూచి, అరకప్పు తేనీరు త్రాగి, సందేహమున పడెను. వివరము కనుగొనుటకు వీధిలో పెద్దమనిషి యెవ్వరని కలయజూడగా, సహజముగనే నల్లని కారు కంటబడినది. నేను అప్పుడు అక్కడనే కాఫీ త్రాగుచుంటిని.

"మేష్టారు పెళ్ళి చెప్పుకోదగ్గట్టు చేయగలరంటారా?" అని ఆయన గొంతు తగ్గించి అడిగెను.

ఋణధీరుడు సోఫాలో వెనుకకు వాలి, కనులు అరమోడ్చి, జాలిగా తల ఊపెను. "బంగారంలాంటి మనిషండీ. చేతిలో ఏమీ ఉండదనుకోండి, పాపం. అయినా మీకు బెంగెందుకు? మా గురువుగారు. అన్నిటికీ నేనున్నాను."

తెనాలివారి మొగము విప్పారెను. నేను కప్పులోనికి చూచుకొంటిని. సంబంధము ఆ పూటనే స్థిరపడినది. సంగతి మేష్టారి చెవిని పడినంతనే ఆయన వీధిలోనికి వచ్చి, కారు కదలకముందే అద్దముమీద వ్రేలితో తట్టిరి.

"నాకు పూచీ పడ్డావటగా నాయనా, చాలా సంతోషం. అన్నట్టు వచ్చే నెల పదికి నీ నోటుకి మూడేళ్ళు నిండుతాయి, కాలదోషం పట్టేస్తుంది. ఓ వెయ్యి రూపాయలు పట్టుకొచ్చి, నోటు వెనకాల చెల్లు రాసి సంతకం పెట్టి వెళ్ళు."

"అయ్యో, తప్పకుండానండీ మేష్టారూ! పొద్దున్నే వచ్చేస్తాను. ఆ వెయ్యీ మీరే సర్దండి, ఐదో తారీఖు దాటగానే పంపిస్తాను."