యార్క్ కాటేజ్ రాతబల్ల ఆత్మకథ

నేనొక రాతబల్లను. 1893లో లండన్‌లోని టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు మేపుల్ దుకాణం నుంచి నార్ఫోక్ ప్రాంతపు సాండ్రింగ్‌హామ్‌కు వచ్చాను. విక్టోరియా రాణి మనవడు, యార్క్ డ్యూక్ జార్జ్ తన కొత్త కాపురానికి మంచాలు, కుర్చీలు, తివాచీలతో పాటు నన్నూ తెప్పించాడు. ఇంటి పేరు యార్క్ కాటేజ్. తండ్రి ఇచ్చిన పెళ్లి కానుక అది. చెరువు పక్కన, చిన్న చిన్న గదులతో ఇరుకుగా ఉండేది. పెళ్లికూతురు మే అడుగుపెట్టేసరికి అన్నీ సర్ది ఉంచితే ఆమె సంతోషిస్తుందని అతని ఆశ. ఇల్లు తన చేతులతో తీర్చిదిద్దుకోవడమంటే ఆమెకు ఎంత ఇష్టమో అతనికి అప్పటికి తెలియదు. తాను ఎంచుకోవడానికి ఏమీ మిగలని ఆ గదులు చూసి మే మనసు చిన్నబుచ్చుకుంది. అయినా నా ముందుకు కుర్చీ జరుపుకుని కూర్చుంది.

నన్ను ఆమె ఎంచుకోలేదు. ఆ మాటకొస్తే పెళ్లికొడుకునూ ఆమె ఎంచుకోలేదు.

మే అసలు పేరు విక్టోరియా మేరీ. టెక్ డ్యూక్ కూతురు. తల్లి మూడవ జార్జ్ రాజుకు మనవరాలు. వంశం గొప్పదే గానీ చేతిలో డబ్బు లేదు. అప్పులవాళ్ల బాధ పడలేక 1883లో ఆ కుటుంబం ఇంగ్లండ్ విడిచి ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు వెళ్లి, రెండేళ్లు అక్కడే ఉంది. తండ్రివైపు తాతా నాయనమ్మల అంతస్తులు సరితూగలేదని యూరప్ రాజకుటుంబాలు ఈ పిల్లను కోడలిగా చేసుకోవడానికి వెనకాడేవి. ఇటు కట్నం లేదు, అటు పట్టింపులు. అలాంటి సమయంలో 1891లో విక్టోరియా రాణి ఆమెను స్కాట్లండ్‌లోని బాల్మోరల్ కోటకు పిలిపించుకుంది. పది రోజుల పాటు నడక, మాట, చదువు అన్నీ గమనించింది. మన లెక్కలో అవి పెళ్లిచూపులే. చూసినది మాత్రం పెళ్లికొడుకు కాదు, అతని నాయనమ్మ.

రాణికి కుదిర్చిన పెళ్లి మీద నమ్మకం ఉండటానికి కారణముంది. ఆల్బర్ట్‌తో ఆమె పెళ్లి కూడా మేనమామ లియోపోల్డ్ ముందునుంచీ తలపెట్టినదే. ఆ పెళ్లిలో ఆమెకు గాఢమైన ప్రేమ దొరికింది. 1861లో ఆల్బర్ట్ పోయాక ఆమె చివరిదాకా నల్లబట్టలు విడవలేదు.

రాణి మేను ఎంచింది జార్జ్ కోసం కాదు, అతని అన్న ఆల్బర్ట్ విక్టర్ కోసం. 1891 డిసెంబర్ 3న నిశ్చయమైంది. ఫిబ్రవరి 27న పెళ్లి. ఈలోగా ఇన్‌ఫ్లుయెంజా వచ్చి, అది న్యుమోనియాగా మారి, 1892 జనవరి 14న అతను సాండ్రింగ్‌హామ్‌లోనే కన్నుమూశాడు. పెళ్లినాడు తల మీద ఉండాల్సిన నారింజపూలు శవపేటిక మీదకు చేరాయి.

అన్న పోవడంతో తండ్రి తర్వాత సింహాసనం జార్జ్‌దే అయ్యింది. పన్నెండేళ్లకే నౌకాదళంలో చేరి ఓడల మీద పెరిగినవాడు. మాటకారి కాదు. అన్నకు కుదిర్చిన పిల్లే తమ్ముడికి తగినదని పెద్దలు అనుకున్నారు. ఇద్దరూ ఒకే మనిషి కోసం దుఃఖిస్తున్నారు. ఎదురుపడితే ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలిసేది కాదు. 1893 మే 3న ఈస్ట్ షీన్‌లోని జార్జ్ చెల్లెలు లూయీజ్ ఇంట్లో కలిశారు. జార్జ్ మొహమాటం చూసి చెల్లెలే చొరవ తీసుకుంది. మేను తోటలోకి తీసుకెళ్లి చెరువులో కప్పలు చూపించమని పంపింది. ఆ చెరువు గట్టునే అతను అడిగాడు, ఆమె సరేనంది. జూలై 6న సెయింట్ జేమ్స్ ప్యాలెస్ చాపెల్ రాయల్‌లో పెళ్లి జరిగింది. స్పిటల్‌ఫీల్డ్స్ మగ్గాల మీద నేసిన పట్టుతో కుట్టిన గౌను వేసుకున్న మే, పెళ్లయ్యాక నేరుగా నా దగ్గరికే వచ్చింది. తన మొదటి పెళ్లికొడుకు ప్రాణం విడిచిన భవనం ఇక్కడికి కూతవేటు దూరం. అలాంటి చోట కొత్త కాపురం పెట్టడం రాణికి కూడా అపశకునంగానే తోచింది.

మొదటి నెలలు తేలిగ్గా సాగలేదు. అత్తగారు అలెగ్జాండ్రా కొడుకును విడిచి ఉండలేని మనిషి. పెద్ద భవనం నుంచి చెప్పకుండా వచ్చేది, గదిలో సామాన్లు తన ఇష్టప్రకారం జరిపించేది. మే పంటి బిగువున ఓర్చుకునేది. భర్త ఎదుట ఉంటే గొంతు పెగిలేది కాదు. అతనిదీ అదే తీరు. ఒకే ఇంట్లో ఉంటూ బిడియంతో బిగుసుకుపోయిన ఇద్దరిని నేను చూశాను.

కాగితం ముందు పెట్టుకుంటే మాత్రం వాళ్లు వేరే మనుషులు. నిశ్చితార్థం రోజుల్లోనే మే అతనికి ఒక ఉత్తరం రాసింది. మీ దగ్గర ఇంకా సిగ్గుపడుతున్నందుకు బాధగా ఉందని, లోకంలో అందరికంటే మిమ్మల్నే ఎక్కువగా ప్రేమిస్తున్నానని నోటితో చెప్పలేక రాస్తున్నానని అందులో చెప్పుకుంది. వాళ్ల కాపురానికి దారి చూపింది ఆ ఉత్తరమే. పెళ్లయ్యాక జార్జ్ కూడా దాపరికం లేకుండా రాశాడు. పెళ్లి అడిగిన నాటికి ఆమె అంటే ఇష్టమే గానీ అంత ప్రేమ లేదని ఒప్పుకున్నాడు. ఆమెను తెలుసుకోవాలని, అర్థం చేసుకోవాలని ప్రయత్నించానని, ఇప్పుడు మనసారా ప్రేమిస్తున్నానని తనకే తెలిసిందని రాశాడు. ఎంతో పెద్ద మాట అది. లేని ప్రేమను ఉన్నట్టు నటించలేదు. పుట్టిన ప్రేమను దాచుకోలేదు. 1894 చివర రష్యా జార్ అంత్యక్రియలకు పీటర్స్‌బర్గ్ వెళ్లినప్పుడు, ఆమెకు దూరంగా ఉండటం ఎంత కష్టంగా ఉందో ఉత్తరాల్లో చెప్పుకున్నాడు.

వాళ్ల ఆరుగురు పిల్లల్లో అయిదుగురు ఈ ఇంట్లోనే పుట్టారు. తనకంటే భార్య ఎక్కువ చదువుకున్నదని జార్జ్‌కు తెలుసు. సభల్లో తాను చదవాల్సిన ఉపన్యాసాలకు ఆమె సాయం తీసుకునేవాడు. 1901లో విక్టోరియా రాణి పోయింది, ఆ యుగం ముగిసింది. 1905-06లో ఇద్దరూ కలిసి హిందూదేశం చుట్టి, నిజాం రాజ్యపు హైదరాబాద్‌ను కూడా చూశారు. 1910లో రాజు, రాణి అయ్యాక కూడా ఈ ఇరుకు ఇంటిని ఖాళీ చేయలేదు. అలెగ్జాండ్రా 1925లో పోయేదాకా పెద్ద భవనం ఆమెకే విడిచిపెట్టారు.

అంతా మంచే చెబితే అబద్ధమవుతుంది. జార్జ్ కొడుకుల పట్ల చాలా కఠినంగా ఉండేవాడు. మే వాళ్ల తరఫున అతనికి గట్టిగా ఎదురు చెప్పలేకపోయింది. భార్యకు ఉత్తరాల్లో తెరిచిన మనసు ఆ తండ్రి పిల్లలకు తెరవలేదు.

పెద్దలు కుదిర్చారు కాబట్టే ప్రేమ పుట్టిందని నా కథను ఎవరైనా సాక్ష్యంగా చూపితే నేను ఒప్పుకోను. జార్జ్ తల్లిదండ్రులదీ 1863లో పెద్దలు కుదిర్చిన పెళ్లే. అతని తండ్రికి ఇతర స్త్రీలతో ఉన్న సంబంధాలు ఊరంతటికీ తెలుసు, తల్లి మౌనంగా భరించింది. చట్టం కూడా ఆడవాళ్ల పక్షాన లేదు. 1857 చట్టం ప్రకారం భార్య వ్యభిచారం ఒక్కటీ రుజువైతే భర్తకు విడాకులు దొరికేవి. భార్య అడగాలంటే వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేయడమో కూడా చూపాలి. 1882 దాకా పెళ్లైన స్త్రీ తన ఆస్తిని పూర్తిగా తనదిగా ఉంచుకోలేకపోయేది. అలాంటి కాలంలో నచ్చని పెళ్లిలో చిక్కిన ఆడదానికి దారి ఎక్కడిది? మే అదృష్టం పెద్దల తెలివిలో లేదు. తనను తెలుసుకోవాలని పూనుకున్న భర్త దొరకడంలో ఉంది, ముందుగా మనసు విప్పిన ఆమె ధైర్యంలో ఉంది.

1935లో రాజుగా ఇరవై అయిదేళ్లు నిండినప్పుడు జార్జ్ వెస్ట్‌మినిస్టర్ హాలులో ప్రసంగించాడు. భార్యను గురించిన మాటలను చిట్టచివర పెట్టమని కార్యదర్శితో ముందే చెప్పాడు. ఆమెకు తానెంత రుణపడి ఉన్నాడో తలచుకుంటే గొంతు నిలవదని అతని భయం. మరుసటి జనవరిలో అతను కన్నుమూశాడు. నలభై రెండేళ్ల కాపురం వాళ్లది.

మీ పెళ్లి ఎవరు కుదిర్చినా సరే, మీ మనిషిని తెలుసుకునే పని మీదే. ఉన్న మాట ఉన్నట్టు చెప్పండి. నోరు పెగలకపోతే ఒక కాగితం తీసుకుని రాసి ఇవ్వండి.