ఢిల్లీ ఇనుప స్తంభం గారికి కైకలూరు నుంచి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇనుప స్తంభం గారికి,
కుతుబ్ ప్రాంగణం, మెహ్రౌలీ, న్యూఢిల్లీ.

విషయం: కార్ల వెనక ట్రెయిలరు తగిలించే, లోపలికి ముడుచుకునే గుండు హుక్కుకు తుప్పు పట్టుట. తమరి సలహా, వీలైతే తమరి బదిలీ కోరుట గురించి.

అయ్యా,

తుప్పు వ్యవహారంలో ఈ దేశంలో తమరిని మించిన అధికారి లేరు. గుప్తుల కాలం నుంచి, అంటే దాదాపు 1600 ఏళ్లుగా, ఏడు మీటర్ల ఎత్తున, ఆరు టన్నుల బరువుతో, ఎండకూ వానకూ నిలబడి ఉన్నారు. ముందు ఇక్కడి ఆఫీసుల్లోనే అడుగుదామనుకున్నాను. కానీ 2022 ఏప్రిల్లో మా కైకలూరును కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మార్చారు. పాత తుప్పు ఏ జిల్లా లెక్కలోకి వస్తుందో చెప్పేవారు లేక నేరుగా తమరికే రాస్తున్నాను.

మా మేనల్లుడు జర్మనీలో ఉంటాడు. వాడి కారుకు వెనక బంపరు కింద ఒక ఇనుప గుండు ఉంది. సైకిళ్ల స్టాండో చిన్న ట్రెయిలరో తగిలించుకోవడానికి. ఐరోపా అంతటా దాని కొలత ఒకటే, 50 మిల్లీమీటర్లు, ఓ మోస్తరు నిమ్మకాయంత. డిక్కీలో మీట నొక్కితే మెడతో సహా బయటికొస్తుంది, పనయ్యాక బంపరు చాటుకు పోతుంది. కారు అందం చెడకుండా ఈ ఏర్పాటు. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. చక్రాలు ఎగజిమ్మిన ఆ ఉప్పునీళ్లు పోయి చేరేది సరిగ్గా ఆ చాటుకే. మంచు తగ్గాక వాడు మీట నొక్కితే గుండు సగం బయటికొచ్చి బిగుసుకుపోయింది. “మామయ్యా, ట్రాక్టరున్నవాడివి, నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?” అని వీడియో కాల్ చేశాడు.

వాడి నమ్మకం ఉత్తిది కాదు. ఇనుమును తినే విద్యలో మా ప్రాంతం ఏ జర్మనీకీ తీసిపోదు. బుడమేరు, తమ్మిలేరు వాగులు కొల్లేటి సరస్సుకు తెచ్చిన నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. వేసవిలో పైనుంచి వచ్చే నీళ్లు తగ్గితే అదే దారిన సముద్రపు నీరు ఎదురెక్కుతుంది. చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. చేపల చెరువులకు సున్నం, ఉప్పు, సూపర్ ఫాస్ఫేటు, కోళ్ల ఎరువు మోసేవి మా ట్రాక్టరు ట్రక్కులే. హౌరాకు చేపలు మోసే లారీల్లో ఐసు కరిగి ఛాసిస్ మీదుగా రోడ్డు పొడవునా కారుతుంది. మా ఆటపాకలో పెలికాన్లను చూడబోయి కారును చెట్టు కింద పెట్టినవారి టాపు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంత ఉప్పులోనూ ట్రాక్టరు వెనక పిన్ను, ట్రక్కు ముందున్న రింగు తళతళలాడుతుంటాయి. రోజంతా రాపిడే కనుక తుప్పుకు కూర్చునే తీరిక దొరకదు. అదే ట్రక్కును చెరువు పట్టుబడి అయ్యాక ఏ మూలనో నిలిపి మరిచిపోతే, మళ్లీ తీసేనాటికి సుత్తి దెబ్బ పడందే పిన్ను కదలదు.

ఇక తమరి ఘనత. ఐఐటీ కాన్పూర్ ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణియం ఆ గుట్టు విప్పారు. తమరిని పోత పోయలేదు. బొగ్గుల కొలిమిలో తీసిన ఇనుప ముద్దలను ఎర్రగా కాల్చి, సమ్మెటలతో కొట్టి, ఒకదానికొకటి అతికారు. ఆ కొలిమిలో సున్నపురాయి వేయలేదు కనుక భాస్వరం ఇనుములోనే ఉండిపోయింది. దాని చలవ వల్ల తమరి ఒంటి మీద మిసవైటు అనే పలచని పొర కట్టి, గాలినీ తడినీ అడ్డుకుంటోంది. బాగానే ఉంది. కానీ ఇవాళ ఉక్కు కాచేవాళ్లు ఆ భాస్వరాన్ని పనిగట్టుకుని తీసేస్తారు. అది ఎక్కువైతే ఉక్కు చలికి పెళుసెక్కుతుంది. తమరికి నిలబడటమే ఉద్యోగం. హుక్కు బరువు లాగాలి. నడిరోడ్డు మీద అది పుటుక్కుమంటే వెనక వస్తున్నవాడి ప్రాణం మీదికొస్తుంది.

పైగా తమరి పోస్టింగు చూడండి. వానాకాలం తీసేస్తే ఢిల్లీలో చాలా నెలలు పొడిగాలి. సముద్రం వందల కిలోమీటర్ల దూరం. జనం వాటేసుకుని చెమట పూయకుండా 1997లో చుట్టూ కంచె కూడా కట్టారు. అలాంటి సీటులో కూర్చుంటే ఏ ఉద్యోగి సర్వీసుకైనా మచ్చ పడదు.

ఒక సంగతి మాత్రం తమరు ఎక్కడా చెప్పుకోరు. నేలలో పాతిన భాగానికి తుప్పు పట్టింది. 1961లో తమరిని పైకి తీసి, శుభ్రం చేసి, ఆ భాగానికి సీసపు రేకు తొడిగి మళ్లీ నిలబెట్టారు. ఎత్తిపొడుపు కాదు, మా వాడి ప్రశ్నకు జవాబు దొరికింది అక్కడే. తడి నిలిచే సందు ఉంటే చాలు. సందులోని నీటికి గాలి ఆడదు, బయటి నీటికి ఆడుతుంది. ఆ తేడాతోనే సన్నని కరెంటు పుట్టి లోపలి ఇనుము కరుగుతుంది. ఉప్పు కలిస్తే ఆ కరెంటు జోరందుకుంటుంది. అందం కోసం గుండును చాటున దాచడమంటే తుప్పుకు గది కట్టివ్వడమే. బయట వేలాడే మొరటు హుక్కుకు ఈ బాధ తక్కువ. కనీసం ఎండ తగులుతుంది, కంటికి కనబడుతుంది.

అందుకని వాడికి ఇలా చెప్పాను. గుండు మీది ఎర్రమచ్చలు చూసి కంగారుపడకు, ఎమ్రీ పేపరుతో పోతాయి. కీలునూ, దాన్ని పట్టి ఉంచే లాకునూ చూసుకో. ట్రెయిలరు ఉన్నా లేకున్నా చలికాలంలో అప్పుడప్పుడూ గుండును బయటికి తీసి, మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చి లోపలికి పంపు. ప్రెషరు వాషరును కీలుకు గురిపెట్టకు, ఉన్న గ్రీజు పోయి బురద లోపలికి దూరుతుంది. 1953లో అమెరికాలో పుట్టిన డబ్ల్యూడీ-40 నీటిని తరుముతుంది, బిగిసినదాన్ని వదిలిస్తుంది, కానీ ఎక్కువ కాలం కాపలా కాయదు. ఆ తర్వాత కారు పుస్తకంలో రాసిన గ్రీజో మైనపు స్ప్రేనో పడాల్సిందే. గుండుకు జిడ్డు పూసే ముందు ట్రెయిలరు కప్లింగు ఏ రకమో చూడు. ఊగకుండా రాపిడి బిళ్లలతో పట్టే రకమైతే గుండు పొడిగా ఉండాలి, జిడ్డు తగిలితే పట్టు జారుతుంది.

మా వాళ్లయితే కాలిన ఇంజినాయిలు పులిమేస్తారు, ఊరికే వస్తుంది కనుక. దానికి దుమ్మంటుకుని ఆకురాయి పని చేస్తుంది. చెరువులోకి కారితే చేపకు చేటు. నా ఓటు దానికి లేదు.

ఇక అసలు విన్నపం. తమరు పుట్టు ఢిల్లీవారు కారనీ, మధ్యప్రదేశ్‌లోని ఉదయగిరి నుంచి వచ్చారనీ కొందరు పరిశోధకులు అంటారు. అంటే బదిలీలు తమరికి కొత్త కావు. ఒక్క వేసవి, ఒక్క వానాకాలం కైకలూరుకు డిప్యుటేషన్ మీద రావలసిందిగా ప్రార్థన. ఆటపాక దగ్గర చోటు మేం చూస్తాం. కొల్లేటి సరస్సు అయిదో కాంటూరు హద్దు లోపలికి మాత్రం అడుగు పెట్టకండి, అది అభయారణ్యం. 2006లో అక్కడ చేపల చెరువుల గట్లనే కొట్టేశారు, తమరి వయసు చూసి ఆగుతారని నేను హామీ ఇవ్వలేను. వచ్చేటప్పుడు నిలువెత్తు సీసపు రేకు ఒకటి వెంట తెచ్చుకోగలరు. ఇక్కడ దొరకదు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ట్రాక్టరు యజమాని,
కైకలూరు, ఏలూరు జిల్లా.