చేర్చబడెను: ఒక ప్రయోగశాల వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం:
పూర్వోక్త విధానము ననుసరించి తగు పరిమాణమున శిలీంద్రనాశిని మాధ్యమమునకు చేర్చబడెను.

అవతారిక: మలేషియాలో ఆయిల్‌పామ్ మొదలుకుళ్ళు తెగులు మీద పరిశోధన పత్రం రాయబూనిన ప్రతివారూ ఈ గద్యాన్ని ఏదో ఒక వేషంలో పఠించి తీరుతున్నారు. మలయ్‌లో రాసినా ఇంగ్లీషులో రాసినా దీని గాంభీర్యం చెక్కుచెదరదు. ఇంతటి వాక్యం వ్యాఖ్య లేకుండా పడి ఉండటం పండితలోకానికి తలవంపులు.

ప్రతిపదార్థం: సులభం కనుక విడిచిపెడుతున్నాను.

శంక: ఆ తెగులు తెచ్చే గానోడెర్మా కూడా శిలీంద్రమే కదా. దాన్ని పెంచడానికి పోసిన అగర్ మాధ్యమంలో శిలీంద్రనాశిని కలపడమేమిటి? అతిథిని పిలిచి అన్నంలో విషం పెట్టడమా?

సమాధానం: కాదు. కుళ్ళిన మొదలు నుంచి చిన్న ముక్క కోసి అగర్ మీద పెడితే ముందుగా పరిగెత్తుకొచ్చేవి ట్రైకోడెర్మా, పెన్సిలియం వంటి బూజులు. గానోడెర్మా నిదానస్థురాలు, అది కళ్ళు తెరిచేసరికి పళ్ళెమంతా పచ్చబడిపోతుంది. బెనోమిల్ అనే మందు ఆ తుంటరి బూజులను ఆపుతుంది గానీ పుట్టగొడుగుల కులానికి చెందిన గానోడెర్మాను అంతగా బాధించదు. ఈ కిటుకు పట్టుకుని 1990ల తొలినాళ్ళలో మలేషియా శాస్త్రజ్ఞులు ఆరిఫిన్, ఇద్రిస్‌లు గానోడెర్మాకు ప్రత్యేక మాధ్యమం కూర్చారు. బెన్లేట్ (బెనోమిల్‌కు బజారు పేరు), క్వింటోజీన్, రిడోమిల్ అందులోని శిలీంద్రనాశినులు. బాక్టీరియా కోసం స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్. ఇవిగాక టానిక్ ఆమ్లం: గానోడెర్మా పెరిగినచోట అగర్ గోధుమరంగుకు తిరిగి ఆచూకీ చెప్పేస్తుంది. ఎంత తెలివైన పని! నా కినుక దీని మీద కాదని సహృదయులు గ్రహింతురు గాక.

విశేషం: 'పూర్వోక్త' అన్నారు. ఎంత పూర్వం? మలయాలో ఆయిల్‌పామ్ మీద ఈ తెగులును థాంప్సన్ నమోదు చేసింది 1931లో. అంతకుముందు చెట్టు రావాలి కదా. 1917లో కువాలా సెలంగోర్ ప్రాంతపు తెన్నమరం ఎస్టేట్‌లో హెన్రీ ఫోకోనియే అనే ఫ్రెంచి దొర మొట్టమొదటగా వ్యాపారానికి ఆయిల్‌పామ్ నాటించాడు. సామాన్యుడు కాడీయన. మలయా తోటల బతుకు మీద నవల రాసి 1930లో గోంకూర్ బహుమతి అందుకున్నాడు. ఎవరు ఏం చేశారో దాచిపెట్టి 'చేయబడెను, చూడబడెను' అంటూ రాసి ఉంటే ఆ బహుమతి దక్కేదా అని నా సందేహం. సరే, తెన్నమరం అంటే తమిళంలో కొబ్బరిచెట్టు. కొబ్బరి పేరున్న తోటలో ఆయిల్‌పామ్ మొలవడం కాకతాళీయమే కావచ్చు. కొబ్బరి నరికిన నేలలో ఆయిల్‌పామ్ నాటితే ఈ తెగులు త్వరగా, ఎక్కువగా రావడం మాత్రం కాకతాళీయం కాదు. భూమిలో మిగిలిన మొద్దుల్లోనే గానోడెర్మా కాపురం. పేరాక్‌లోని బాగాన్ దాతోక్ వైపు కొబ్బరి ఎస్టేట్లలో మన తెలుగువాళ్ళు తరాలుగా చెమటోడ్చారు. మొద్దులు తవ్వించకుండా వదిలేసే దొరల సంగతి వాళ్ళనడిగితే ఇంకా చాలా చెబుదురు. అందులో ఒక్క 'పూర్వోక్తం' కూడా ఉండదు.

ఎక్కడున్నాం? ఆఁ, పూర్వోక్తం. మన మెదకు సీమ కొలచారం వాడు మల్లినాథసూరి ఆధారం లేని మాట రాయననీ, అక్కరలేనిది పలకననీ ప్రతిజ్ఞ పట్టి కావ్యవ్యాఖ్యానానికి కూర్చున్నాడు. (రెండోదాని ప్రస్తావన ఇప్పుడు వద్దు.) మన పత్రకర్తలూ ఆధారం చూపుతారు. అది తెరిస్తే ఇంకో ఆధారం, దాని వెనక మరొకటి. చివరికి తేలేది 'బెన్లేట్, ఇన్ని మిల్లీగ్రాములు' అన్న ఒక ముక్క. డూపాంట్ వారు 1968 ప్రాంతంలో సంతకు తెచ్చి, 2001లో తయారీ మానేస్తున్నామని ప్రకటించిన సరుకది! పైగా బజారులో అమ్మిన ఆ పొడిలో బరువుకు సగమే బెనోమిల్. ఇప్పుడు శుద్ధమైన బెనోమిల్ కొనుక్కొచ్చిన పిల్ల ఎంత తూచాలి? పొడి లెక్కా, మందు లెక్కా? సగం వేస్తే పచ్చబూజు, రెట్టింపైతే గానోడెర్మాకే నీరసం. 'తగు పరిమాణమున' అన్నవారు ఏ తగవు తీర్చినట్టు?

వ్యాకరణం: 'చేర్చబడెను' కర్మణి ప్రయోగం. కర్త అధ్యాహారం. ఆ కర్త ఎవరో నేను చెబుతాను. మూతికి గుడ్డ కట్టుకుని పొడి తూచిన సహాయకురాలు. బెనోమిల్ నీళ్ళలో కరగదని, వదిలేస్తే అడుక్కు దిగుతుందని, సీసా కుదుపుతూ పోయకపోతే మొదటి పళ్ళేనికీ చివరి పళ్ళేనికీ మందు సమంగా అందదని ఆమెకు తెలుసు. అగర్ కాస్త చల్లారాకే మందులు కలపాలనీ తెలుసు. ఈ విద్య ఏ పూర్వోక్తంలోనూ లేదు. ఆమె ఉద్యోగం మారిన నాడు ప్రయోగం కూడా ఆమెతోనే వెళ్ళిపోతుంది. తరవాత వచ్చినవారు నెలల తరబడి బూజు పెంచుతారు. దీన్ని శాస్త్రమని ఎలా అనమంటారు?

తాత్పర్యం: ఎంత బెనోమిల్, ఎవరి సరుకు, దేనిలో కలిపి, ఏ వేడి దగ్గర, ఎలా కుదిపి పోశారో రాయాలి. రెండు పంక్తులు పెరుగుతుంది, అంతే.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో 'తగు పరిమాణమున' బదులు 'అవసరమగు పరిమాణమున' అని ఉన్నది. రెండూ గ్రాహ్యమేనని పరిష్కర్తల మతం. తూకం దగ్గర నిలబడ్డ ఆవిడ మతం తెలిపే ప్రతి ఇంకా దొరకలేదు.