మచ్చలేని ఎన్నికలు

ఎన్నికల్లో డబ్బు, మద్యం, దొంగ ఓట్లు అని దేశమంతా గగ్గోలు పెడుతుంటే, ఆ జాడ్యాన్ని వేళ్లతో సహా పీకి పారేసిన నగరం ఒకటుంది. బెంగళూరు. 2015 ఆగస్టులో ఎన్నికైన మహానగర పాలికె మండలి గడువు 2020 సెప్టెంబరు 10న తీరిపోయింది. ఆ తర్వాత ఐదేళ్లపాటు కార్పొరేటర్ ఎన్నికల్లో ఒక్క నోటు చేతులు మారలేదు. ఒక్క సీసా పట్టుబడలేదు. ఎందుకంటే ఎన్నికలే పెట్టలేదు.

ఇంత శుభ్రత ఊరికే వస్తుందా? ఎంత శ్రమపడ్డారు! ఉన్నవి 198 వార్డులు. బీజేపీ ప్రభుత్వం 243 అని గీతలు గీసింది. కాంగ్రెస్ వచ్చి ఆ గీతలు చెరిపి 225 అంది. అదీ నచ్చక కొత్త చట్టం తెచ్చి, 2025 సెప్టెంబరులో పాలికెనే ఐదు ముక్కలు చేసి, వార్డులను 369కి చేర్చింది. మిగతా అన్నిటిలో కొట్టుకునే రెండు పార్టీలకూ ఈ ఒక్క విషయంలో ఎంత సఖ్యత! అన్నట్టు, గడువు తీరేలోగా నగరాల్లో ఎన్నికలు జరిపి తీరాలనే నిబంధన రాజ్యాంగంలో 243-యు అధికరణంలోనే ఉంది. ఆ అంకె ఎక్కడో చూసినట్టు ఏలినవారికి గుర్తుంది. ఎందుకు చూశారో మాత్రం మరిచిపోయారు.

ఇక యువ నాయకత్వానికి ఇక్కడ కొదవేముంది? 2001లో పుట్టిన జనాగ్రహ అనే స్వచ్ఛంద సంస్థ, 2008లో టాటా టీతో కలిసి 'జాగో రే' అంటూ కుర్రకారును ఓటర్లుగా నమోదు చేయించింది. 2013లో వచ్చిన మరో సంస్థ బీ-ప్యాక్ వార్డు స్థాయి నాయకులను తయారుచేయడానికి బీ-క్లిప్ అనే శిక్షణ పెట్టింది. వాళ్ల చిత్తశుద్ధికి వంక పెట్టను. ఎన్నికలు పెట్టండి మహాప్రభో అని వాళ్లూ మొత్తుకున్నారు. కానీ వార్డు బడ్జెట్ చదవడం నేర్చుకుని, పట్టా పుచ్చుకుని బయటికొచ్చిన పాతికేళ్ల పిల్ల నామినేషన్ ఎక్కడ వేయాలి? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు వెనకటికి. ఇక్కడ సోమలింగానికి సర్టిఫికెట్ కూడా చేతికిచ్చేశారు.

కాలేజీ పిల్లల సంగతి ఇంకా ముచ్చట. ఏటా జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం. చేయి చాచి ప్రతిజ్ఞ చేయాలి, ఓటు విలువ మీద వ్యాసం రాయాలి. విద్యార్థి సంఘానికి మాత్రం ఎన్నికలు అడగకూడదు. కర్ణాటకలో వాటికి మూడు దశాబ్దాల కిందటే తాళం పడింది. ఇలా పెంచిన యువత 2024 ఏప్రిల్ 26న లోక్‌సభ ఎన్నికల పోలింగ్ బూత్‌కి ఎగబడలేదని మనకు ఆశ్చర్యం! బెంగళూరు దక్షిణంలో పోలింగ్ 53 శాతం దగ్గర ఆగిపోయింది. వేలి మీద సిరా చూపిస్తే ఫలహారం ఉచితమని హోటళ్లవాళ్లు హైకోర్టు అనుమతి తెచ్చుకుని మరీ పిలిచినా అంతే. మూడు వారాలు తిరక్కుండానే, మే 13న, ఇదే నగరంలోని మన తెలుగు కుర్రాళ్లు బస్సులు నింపుకుని సొంతూళ్లకు పరిగెత్తారు. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 81 శాతం దాటింది. టికెట్లు ఎవరు కొన్నారని అడక్కండి. కొందరు సొంత డబ్బుతోనే కొనుక్కున్నారు.

పల్లెలు వెనకబడ్డాయని బెంగ వద్దు. కర్ణాటకలో జిల్లా, తాలూకా పంచాయతీల గడువు 2021లో ముగిస్తే, 2025 వెళ్లిపోయినా ఎన్నికల జాడ లేదు. తెలంగాణ సర్పంచులు 2024 ఫిబ్రవరిలో దిగిపోతే, కొత్తవాళ్లను ఎన్నుకునేసరికి 2025 డిసెంబరు అయింది. అందరికంటే తెలివైనది మన ఆంధ్ర. 2021లో పోటీ లేకుండా ఏకగ్రీవం చేసుకున్న పంచాయతీకి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా నజరానా ప్రకటించింది. ఓటు కొనే అభ్యర్థి జైలుకు పోవాల్సిన దేశంలో, ఓటింగునే టోకున కొనే పథకానికి ప్రోత్సాహకమని పేరు.

అందుకని, శిక్షణ శిబిరాల్లో ముందు వరసల్లో కూర్చునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రేపటి నాయకులు మీరేనని ఈసారి ఏ మంత్రిగారైనా వేదికెక్కితే తొందరపడి చప్పట్లు కొట్టకండి. మా స్థానిక ఎన్నిక ఏ తేదీనండీ అని అడగండి. తేదీ చెప్పాకే మైకు ఇవ్వండి.