పచ్చ ట్యూబులైటు

మందుల సంగతి నన్నడిగి తెలుసుకోవాలి ఎవరైనా, అనుకునేదాన్ని. నర్సుగా పదకొండేళ్ల సర్వీసు మరి. ఆ గర్వంతో చేసిన పని ఇన్నాళ్లూ కడుపులోనే దాచుకున్నాను. మీరైతే క్షమిస్తారని చెబుతున్నా.

78 ఏళ్ల మామ్మ. బరువు 40 కిలోలు. గుండెదడకి డిగాక్సిన్ 0.25 మిల్లీగ్రాముల మాత్ర ఇంటి దగ్గర్నుంచీ వాడుతోంది. రెండు రోజులుగా ఇడ్లీ ముట్టడం లేదు, వికారమంటోంది. గ్యాసన్నాను. ట్రైనింగ్ పిల్ల మెల్లగా అడిగింది, "మేడమ్, కిడ్నీలు బాగానే ఉన్నాయా?" అని. రిపోర్టు దాని ముఖం ముందు ఆడించాను. "క్రియాటినిన్ 1.0. లివరూ బాగుంది. ఇంకేం కావాలి?"

సాయంత్రం మామ్మ, "ట్యూబులైటు పచ్చగా ఉందేమిటి తల్లీ?" అంది. లైటు మార్చమని కంప్లైంట్ పుస్తకంలో రాశాను! రాశాను, మాత్ర చేతిలో పెట్టాను, నీళ్లందించాను, చార్టులో నాడి 72 అని వేశాను, వెళ్లిపోయాను. లెక్కపెట్టకుండా 72 వెయ్యడం మనలో ఎవరెరగరు చెప్పండి.

మర్నాడు మళ్లీ మాత్ర తీస్తున్నాను. ఆ పిల్ల స్టెత్ గుండె మీద పెట్టి నిమిషం నిండా లెక్కపెట్టింది. 44. అరవైకి తగ్గితే ఈ మాత్ర ఆపి డాక్టరుకి చెప్పాలని దానికి పాఠం చెప్పింది నేనే.

డ్యూటీ డాక్టరు గారు తిట్టలేదు. మాత్ర ఆపించి, ఈసీజీ తీయించాక, కాగితం మీద లెక్క వేశారు. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చవేసి, 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించి, ఆడమనిషి కాబట్టి 0.85తో హెచ్చవేస్తే 29 వచ్చింది. కిడ్నీలు నిమిషానికి శుభ్రం చేసేది 29 మిల్లీలీటర్లే. క్రియాటినిన్ కండలోంచి పుడుతుంది, మామ్మ ఒంట్లో కండేది? అందుకే రిపోర్టులో 1.0. డిగాక్సిన్‌ని లివర్ పెద్దగా ముట్టుకోదు, చాలావరకు మారకుండా మూత్రంలోనే పోవాలి. కిడ్నీలు బాగున్నవాళ్లలోనే సగం తగ్గడానికి ఒకటిన్నర, రెండు రోజులు. ఈవిడకు పోయేది పోకుండానే మీద మీద మాత్రలు వేశాను. వికారం, పచ్చ చూపు, తగ్గిన నాడి, అన్నీ ఆ మందు నిలవే. ఇవన్నీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మంచం దగ్గర మామ్మ నోటితో చెబితే మాత్రం వినిపించలేదు.

ఆరో రోజు ఇడ్లీ తిని, తలెత్తి చూసి అంది, "లైటు మార్పించావా తల్లీ? తెల్లగా ఉంది."

"మార్పించాను మామ్మా" అన్నాను.